బ్యాలే పిచ్చి పోలరాజు

ఉక్కు మిల్లు ఊళ్ళోని అగ్రికో పేటలో తెలుగువాళ్ళ మధ్య పోలరాజులు ముగ్గురున్నారు. ఒకాయన కిరాణా పోలరాజు, ఒకాయన భజన పోలరాజు, మూడో ఆయన బ్యాలే పోలరాజు. ఆ మూడో పేరు ఎవరు పెట్టారో గాని వెటకారానికే పెట్టారు. టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఒళ్ళు కాల్చుకున్న మనిషి కొడుకు, గళ్ళ లుంగీ కట్టుకుని క్వార్టర్ వాకిట్లో కూర్చునే మనిషి, రష్యావాళ్ళ డాన్సు గురించి గంటల తరబడి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. పోలరాజు మాత్రం ఆ పేరుకి ఏనాడూ నొచ్చుకోలేదు.

ఆ పిచ్చి పట్టింది డెబ్బై ఎనిమిదిలో. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్ళు. కొత్తగా ఎలక్ట్రీషియన్ ఉద్యోగమొచ్చి, మిల్లువాళ్ళ ఆడిటోరియంలో లైట్ల పనికి వేశారు. ఆ శీతాకాలం రష్యా నుంచి ఒక బ్యాలే బృందం వచ్చి రెండు సాయంత్రాలు ఆడింది. ఊరంతా సాయంత్రం ఆట చూసింది. పోలరాజు పొద్దుటిది కూడా చూశాడు.

పొద్దున్నే ఎనిమిదింటికల్లా ఉన్ని మేజోళ్ళతో దిగిపోయారు వాళ్ళు. పట్టుకుని నిలబడ్డానికి నడుమెత్తున ఏదైనా కమ్మీ కావాలన్నారు. ఆడిటోరియంలో అలాంటిదేమీ లేదు. పోలరాజు, ఇంకో ఇద్దరు ఫిట్టర్లు కలిసి నీళ్ళ గొట్టమొకటి తెచ్చి, రెండు స్టాండ్ల మీద బిగించి పెట్టారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ చప్పట్లు కొట్టింది. అంతే, పెద్ద నర్తకి మొదలు చివరి వరసలో పిల్లదాకా అందరూ ఆ గొట్టం పట్టుకుని మోకాళ్ళు వంచడం, లేవడం. మళ్ళీ వంచడం, లేవడం. గంటన్నర సేపు అదే. సాయంత్రం రాణి వేషం వెయ్యబోయే ఆవిడ చీలమండని ముసలావిడ కర్రతో ఎనిమిదిసార్లు సరిచేసింది. ఎనిమిదిసార్లూ ఆ రాణి బళ్ళో పిల్లలా తలూపింది.

"అమ్మా, అంత గొప్ప మనిషి కూడా రోజూ పొద్దున్నే అఆలు దిద్దుతాదే," అని ఆ మధ్యాహ్నం అన్నం తింటూ తల్లితో చెప్పాడు పోలరాజు. ఆవిడకేం అర్థమయిందో గాని, "మంచిదే కదరా," అంది.

సాయంత్రం ఆ నర్తకి వెంట వెలుగు తిప్పే పని పోలరాజుదే. ఆవిడ కాలి వేళ్ళ కొసల మీద లేచినప్పుడు, బరువన్నది ఈ లోకంలో లేనట్టే అనిపించింది. ఆట అయ్యాక వైర్లు చుట్టుకుంటూ వరండాలో వెళుతుంటే ఆవిడ బూటు విప్పుకుంటూ కనబడింది. లోపల దూదికి ఎర్రగా రక్తం. పోలరాజు అక్కడే నిలబడిపోయి, ఆ రక్తానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత నలభై ఏళ్ళపాటు ఆ సంగతి ఎదటివాళ్ళు వింటున్నా వినకపోయినా గొప్పగా చెప్పుకున్నాడు.

ఆనాటి నుంచి బ్యాలే అంటే చాలు, చెవి కోసుకునేవాడు. కలకత్తాలో ఏ బృందం వచ్చినా డ్యూటీ మార్పించుకుని స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడు. తెలుగులో అచ్చయి వచ్చే రష్యా పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి దాచుకునేవాడు. వీడియో క్యాసెట్లొచ్చాయి, డిస్కులొచ్చాయి, చివరికి చేతిలోకి ఫోనొచ్చింది. ఏ దేశం బృందంలో చేతులు మెత్తన, ఏ దేశంలో కాళ్ళు చురుకు, ఏ బడిలో పిల్లల్ని ఎన్నేళ్ళు నేలమీదే ఉంచుతారు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. దగ్గర్లోని సరాయికెలాలో ముసుగులు పెట్టుకుని ఆడే ఛౌ నాట్యమన్నా అంతే గౌరవం. అక్కడ ఏటి ఒడ్డున కుర్రాళ్ళచేత గురువులు ఒక్క నడకే ఏడాదంతా నడిపించడం ఆయన కళ్ళారా చూశాడు. "అదీ ఇదీ ఒకటే విద్య," అనేవాడు.

అలాంటి మనిషికి రానురాను నోరు చేదెక్కడం మొదలైంది. వాద్యబృందంతో వచ్చేవాళ్ళు పోయి పెన్‌డ్రైవ్‌తో వచ్చేవాళ్ళు మిగిలారు. ఒకసారి కలకత్తాలో 'రష్యన్ బ్యాలే' అని గోడలనిండా పోస్టర్లు చూసి వెళితే, హంసల ఆటలో ఇరవై నాలుగు హంసలుండవలసిన చోట తొమ్మిది ఉన్నాయి. అందులో ఇద్దరికి మోకాలు సాగదు. జనం మాత్రం నాయిక గిర్రున తిరుగుతుంటే సర్కస్‌లో లెక్కపెట్టినట్టు గట్టిగా లెక్కపెట్టారు. మధ్యలోనే లేచి వచ్చేశాడు. ఇక్కడ హోటళ్ళలో భోజనాల మధ్య ఛౌ ముసుగులు పెట్టించి ఐదు నిమిషాలు గెంతించడం చూసినప్పుడయితే అక్కడి అన్నం ముట్టుకోబుద్ధి కాలేదు. పెళ్ళివారి ముందు తల్లిని నిలబెట్టి ఆడించినట్టుంది అనుకున్నాడు.

అయినా అదంతా ఎక్కడో దూరపు చేదు. ఇంట్లోకి వచ్చింది రెండేళ్ళ కిందట.

అగ్రికో మార్కెట్లో మొబైల్ షాపు మీద, రెండో అంతస్తులో 'రాజహంస బ్యాలే అకాడమీ' అని గులాబీ రంగు బోర్డు లేచింది. కింద చిన్న అక్షరాల్లో జుంబా, బాలీవుడ్, పెళ్ళి సంగీత్ అని కూడా ఉంది. నడిపేవాడి పేరు సౌరభ్. బరంపురం వైపు తెలుగువాళ్ళ అబ్బాయి, ముప్ఫై నిండలేదు. పోలరాజు మనవరాలు అర్పితకి అప్పుడు పదేళ్ళు. పుట్టినప్పటి నుంచి తాత కథలు విన్న పిల్ల. నేనూ నేర్చుకుంటానంది. కొడుకు జయప్రకాష్ మిల్లు షిఫ్టుల్లో ఉంటాడు గనక, చెయ్యి పట్టుకుని మొదటిరోజు తీసుకెళ్ళినవాడు పోలరాజే.

వెళ్ళీ వెళ్ళగానే ఆయన చూపు నేలమీద పడింది. నున్నటి టైల్సు. చెక్క లేదు, కింద గుల్ల లేదు. దూకిన దెబ్బ దూకినట్టు మోకాలికే తగులుతుంది. గదంతా సెంటు వాసన. పిల్లలు మోకాళ్ళు వంచనూ లేదు, లేవనూ లేదు. పాట పెట్టగానే చేతులు గాల్లోకి. గోడవార నిలబడ్డ తల్లులు ఫోన్లు ఎత్తారు. ఏదోలే, చిన్నపిల్లలు, సరదా అని సర్దిచెప్పుకున్నాడు. నాలుగు నెలలు పోయాక సౌరభ్ ఒక ప్రకటన చేశాడు. డిసెంబరులో వార్షికోత్సవం. పదకొండుమంది పిల్లలూ హంసల వేషాల్లో వేళ్ళ కొసల మీద ఆడతారు. అందుకు ముక్కు గట్టిగా ఉండే బూట్లు ఆన్‌లైన్లో వచ్చేస్తున్నాయి.

పోలరాజు సౌరభ్ దగ్గరికి వెళ్ళాడు. "బాబూ, ఎనిమిదేళ్ళ గుంటలున్నారు అందులో. ఎముక ముదరందే ఆ బూటు తొడగరాదు. మూడేళ్ళో నాలుగేళ్ళో నేలమీద సాధన సేయించి, పాదం సూసి, కొలిచి మరీ ఇత్తారు," అన్నాడు.

"అంకుల్, మీరు లైట్లేసేవారు కదా?" అన్నాడు సౌరభ్ నవ్వుతూ, ఏ విరుపూ లేకుండానే.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాటెత్తితే ఇంట్లోనూ అదే వరస. కోడలు ఉమామహేశ్వరి చపాతీ వడ్డిస్తూ, "మావయ్యా, చిన్నప్పట్నుంచి దానికి ఎక్కించింది మీరే. ఇప్పుడు మీరే ఒద్దంటే అదేటనుకుంటాది?" అంది. జయప్రకాష్ తల ఎత్తకుండా, "ఛోడియే, వదిలెయ్ నానా. అందరు పిల్లల్తోపాటే," అన్నాడు. పోలరాజు ఊరుకున్నాడు. ఆ ఊరుకున్నందుకు తర్వాత తనని తాను ఎన్ని తిట్టుకున్నాడో లెక్కలేదు.

నవంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున్న, అర్పిత స్నానానికి వెళుతుంటే నడకలో తేడా కనిపించింది. మడమల మీద అడుగేస్తోంది, వేళ్ళు నేలకి తగలనివ్వడం లేదు. కూర్చోబెట్టి మేజోళ్ళు విప్పమన్నాడు. విప్పనంది. తనే విప్పాడు. దూది చర్మానికి అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి తీస్తే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లగా, కింద చీము. మురిగిన వాసన కొట్టింది. 

"ఏటే ఇది? ఎవులికీ సెప్పలేదేటి?"

"సర్ నే బోలా, అస్లీ డాన్సర్ కా ఖూన్ నికల్తా హై. నిజమైన డాన్సరుకి రక్తం వస్తుందట," అంది అర్పిత, ఏడుపు దిగమింగుకుంటూ. తాత మొహం చూసి, తప్పు తనది కాదని చెప్పుకోవాలన్నట్టు, "ఆప్ భీ తో బోలే థే, తాతా. ఆ రష్యా రాణి బూట్లో రక్తం. మీరు దణ్ణం పెట్టారని చెప్పారు కదా," అంది.

 నలభై ఏళ్ళుగా చెప్పుకున్న గొప్ప, పదేళ్ళ పిల్ల కాలి చీములో తేలింది. అసహ్యం వేసింది. సౌరభ్ మీద కాదు, ముందు తన మీదే. ఆ రోజు ఆ వరండాలో నొప్పితో ముడుచుకుపోయిన ఒక మనిషి పాదముంది. దానికి తను దణ్ణం పెట్టాడే గాని, నొప్పెడుతోందా అమ్మా అని సైగతోనైనా అడగలేదు. మందు సీసా ఎక్కడుందో తెలిసి కూడా తెచ్చివ్వలేదు. అందం వెనక రక్తముంటే అందానికి ఇంకా విలువని మురిసిపోయాడు. ఛీ అనుకున్నాడు. పైకే అన్నాడు.

కోడలిని పిలిచి పాదాలు చూపించాడు. ఉమామహేశ్వరి కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడింది. బూట్లు రెండూ సంచిలో పడ్డాయి. ఆ సంచి పట్టుకుని పోలరాజు మెట్లెక్కి అకాడమీకి వెళ్ళాడు.

సౌరభ్ ఒక్కడే అద్దం ముందు కూర్చుని ఫోన్లో ఎవరిదో డాన్సు చూసి అడుగులు రాసుకుంటున్నాడు. పోలరాజు సంచి ముందు పెట్టి, "నువ్వెక్కడ నేర్సుకున్నావు బాబూ ఇది?" అన్నాడు.

సౌరభ్ అబద్ధమాడలేదు. "కోల్‌కతాలో పదిహేను రోజుల వర్క్‌షాప్. మిగతాది ఇందులోనే," అని ఫోను చూపించాడు. "అంకుల్, కోప్పడకండి. పేరెంట్స్‌కి ఫోటో కావాలి. నేలమీద మూడేళ్ళు మోకాళ్ళు వంచుతానంటే ఒక్కరు పంపరు. బూటు వేస్తే పంపుతారు. ఈ ఊళ్ళో సరిగ్గా నేర్పేవాళ్ళు ఎవరున్నారు? మీరు నేర్పుతారా?"

"నేను సూసినోణ్ణే గాని సేసినోణ్ణి కాదు. కాని వంట రానోడికి కూడా కుళ్ళిన కూర వాసన తెలుత్తాది బాబూ."

సౌరభ్ తల దించుకున్నాడు గాని, వార్షికోత్సవం ఆపుతానని మాత్రం అనలేదు.

అప్పుడు పోలరాజు మిగిలిన పదిమంది పిల్లల ఇళ్ళకీ తిరిగాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో సైకిలు మీద, మంచులో, మఫ్లరు చుట్టుకుని. ఒకళ్ళు టీ ఇచ్చి పంపారు, ఒకళ్ళు గేటు దగ్గరే మాట్లాడారు. గమ్హరియా ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తండ్రి మాత్రం అప్పటికప్పుడు కూతురి మేజోళ్ళు విప్పించి చూసి, పంపనన్నాడు. ఆ ఒక్కడే. చివరిగా వెళ్ళింది దేవిశ్రీ ఇంటికి. ఆవిడ బళ్ళో టీచరు. కూతురు తనుశ్రీకి పదకొండేళ్ళు. అందరిలోకీ చక్కగా ఆడే పిల్ల, అందుకని నడిమి హంస వేషం ఆ పిల్లకే ఇచ్చారు.

దేవిశ్రీ అంతా విని, "మీ మనవరాలికి మెయిన్ రోల్ రాలేదని బాధ ఉంటుంది మావయ్యగారూ, అర్థం చేసుకోగలను," అంది.

పోలరాజు లేచి వచ్చేశాడు. దారిలో సైకిలు ఆపి ఉమ్మేశాడు.

వార్షికోత్సవానికి వెళ్ళకూడదనుకున్నాడు. కాని ఆడిటోరియంలో ఇప్పుడు లైట్లు చూసే చంద్రశేఖర్ ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. "రండి గురూజీ, నా పక్కన కూకోండి," అని ఫోన్ చేస్తే, ఎందుకో కాళ్ళు అటే లాక్కెళ్ళాయి.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. అంతసేపూ తొమ్మిదిమంది పిల్లలు చేతుల్లేని గౌన్లలో, డిసెంబరు చలిలో, తెర పక్కన నిలబడే ఉన్నారు. తర్వాత శాలువాలు, ఉపన్యాసాలు. వెనక పెద్ద ఎల్ఈడీ తెర మీద నీలం చెరువు, దానిలో కంప్యూటర్ హంసలు. ఆఖరికి పిల్లలు వచ్చారు. వేళ్ళ మీద లేచారనడానికి వీల్లేదు. మోకాళ్ళు వంచుకుని, నడుం వెనక్కి తోసి, నిప్పుల మీద నడిచేవాళ్ళలా టకటకా వచ్చారు. సభంతా ఈలలు. పైన లైట్ల గదిలో పోలరాజు పళ్ళు బిగపట్టి చూస్తున్నాడు.

నడిమి హంస తనుశ్రీ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఎడమకాలు లోపలికి మడతబడింది. కూలిపోయింది. పాట ఆగలేదు. పిల్ల పాదం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"ఆర్పేయ్ సేకర్," అన్నాడు పోలరాజు. చంద్రశేఖర్ ఇంకా అయోమయంలో ఉండగానే తనే చెయ్యి చాపి వెలుగు దించేశాడు. చీకట్లో ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకుపోతారనుకున్నాడు. కింద నుంచి "లైట్! లైట్ దో!" అని కేకలు. చంద్రశేఖర్ ఆయన చెయ్యి మెల్లగా తొలగించాడు. "గురూజీ, నా నౌక్రీ పోద్ది," అని మళ్ళీ వెలుగు వేశాడు.

ఆ వెలుగు మీద పడగానే, అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుందేమో, పిల్ల లేచింది. లేచి ఆ కాలితోనే, ఆ వేళ్ళ మీదే ఆఖరిదాకా ఆడింది. మొహాన నవ్వు అతికించుకుని ఆడింది. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. మైకు పట్టుకున్నవాడు, "యహీ హై జజ్బా! పట్టుదలంటే ఇదీ! గట్టిగా చప్పట్లు!" అని అరిచాడు. ముందు వరసలో దేవిశ్రీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వీడియో తీస్తోంది.

పోలరాజు మెట్లు దిగి, గోడ పట్టుకుని, బయట చెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాడు. జీవితంలో ఆట చూసి వాంతి చేసుకోవడం అదే మొదలు. బృందం పేరు పెట్టుకుని బృందం లేనివాళ్ళు, శిక్షణ పేరు పెట్టుకుని శిక్షణ లేనివాళ్ళు, వాళ్ళ ముందు ఆకలి తీరని జనం. అలాంటి జనంలో తనూ ఒకడే కదా, కాకపోతే కాస్త తెలిసినవాడు, అంతే తేడా అనుకున్నాడు.

ఆ వీడియో వారం రోజులు ఊరంతా తిరిగింది. పడిపోయి లేచిన పిల్ల. అకాడమీలో చేరేవాళ్ళు రెట్టింపయ్యారు. సౌరభ్ పక్క గది కూడా తీసుకున్నాడు.

జనవరి మూడోవారంలో ఒక పొద్దున్న దేవిశ్రీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది. "మావయ్యగారూ, దాని కాలు వాపు తగ్గడం లేదు. వాళ్ళ నాన్నకి షిఫ్టు. మీకు ఇవన్నీ తెలుసు కదా, కాస్త తోడు రాగలరా?" అంది. పోలరాజు ఇంకేమీ అడక్కుండా చొక్కా తొడుక్కున్నాడు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాడు. పాదంలో రెండుచోట్ల ఎముక చిట్లింది. చిట్లిన దాని మీద నెలరోజులు నడిపించారు. కట్టు కట్టాలి, ఆరు నెలలు కాలు మీద బరువు వెయ్యకూడదు, ఆ బూటు మాట ఇంక తలవకూడదు. అంతా విని దేవిశ్రీ అడిగిన మొదటి మాట, "ఏప్రిల్‌లో రాంచీలో డాన్సు పోటీ ఫైనల్స్ ఉన్నాయి డాక్టర్ గారూ. అప్పటికి అవుతుందా?"

డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. పోలరాజు ఆ గదిలో ఇంకొక్క క్షణం ఉండలేకపోయాడు. కట్టు కట్టించుకున్న పిల్లని చంకల కింద చేతులేసి ఆనించుకుని, బయట బెంచీ మీదికి తెచ్చాడు.

తనుశ్రీ కట్టు వంకే చూస్తూ, "అర్పిత అబ్ క్యా కర్తీ హై, దాదాజీ? ఇప్పుడేం చేస్తోంది?" అంది.

"దానికేటి, గోళ్ళు ఊడి కొత్తవి వత్తన్నాయి. సాయంత్రం పూట వీధి గుంటల్తో కబడ్డీ ఆడతంది. మోకాళ్ళు సెక్కుకుని ఇంటికొచ్చి వాళ్ళమ్మ సేత తిట్లు తింటంది."

పిల్ల నవ్వింది. వార్షికోత్సవం నాటి నవ్వు కాదు. "ముఝే భీ ఆనా హై. నేనూ వస్తాను," అంది.

అంతలో దేవిశ్రీ ఫోను చెవికి పెట్టుకుని బయటికొచ్చింది. "చిన్న దెబ్బే సర్, ఏప్రిల్‌కి రెడీ అయిపోతుంది," అంటోంది. పోలరాజు లేచి చెయ్యి చాపాడు. ఎందుకో ఆవిడ ఫోను ఇచ్చేసింది.

"సౌరభ్, పోలరాజుని. రెండు ఎముకలు ఇరిగాయి. ఈ పిల్ల రాదు," అని చెప్పి తీసేసి, ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. దేవిశ్రీ కూతురి పక్కన కూర్చుని, ఫిల్ము ఉన్న కవరు ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి దాన్ని తెరిచి చూసింది.

ఆగస్టులో తనుశ్రీ అగ్రికో మైదానానికి వచ్చింది. ఇంకా కొంచెం కుంటుతూనే ఉంది. అర్పిత జట్టులో గీత దగ్గర నిలబెట్టారు. అకాడమీ మాత్రం బాగా నడుస్తోంది. బోర్డుకి కొత్త రంగు వేశారు. పోలరాజు కూరలకి వెళ్ళేటప్పుడు ఆ మేడ ముందు నుంచి వెళ్ళడు, వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళతాడు. ఎవరైనా తెలియనివాళ్ళు ఇల్లు అడిగితే వీధిలోవాళ్ళు ఇంకా "బ్యాలే పోలరాజా?" అంటారు. వాకిట్లో కూర్చున్న ఆయన వినిపించుకున్నట్టు ఉండడు.